తెరవని పేజీ

చెల్లీ,

అక్క దీవెనలు. పిచ్చుకకి నా తరపున ఒకటి, బావ తరపున ఒకటి ముద్దులు. ఇక్కడ మేమిద్దరం తిని తిరుగుతున్నాం, లాండ్రీ షాపు నడుస్తోంది. అక్కడ తల్లీకూతుళ్లు కులాసాగా ఉన్నారని నీ ఉత్తరంలో చదివి స్థిమితపడ్డాను. ఇది నీ చేతికి అందే వేళకి కూడా అలాగే ఉంటారనుకుంటూ రాస్తున్నాను. అలవాటుకొద్దీ పైన ‘సౌభాగ్యవతి’ అని కలపబోయి ఆగిపోయాను. ఆ మాటలో మీ ఆయన కూడా ఉన్నాడు కదా.

నా అక్షరాలు చూసి నవ్వుకోకు. బిల్లులు కంప్యూటరే రాయడం మొదలెట్టాక నా చేతికి కలం తిరగడం లేదు. ఇది పోస్టులో వేయను. మా షాపుకి సబ్బు డబ్బాలు తెచ్చే వ్యాను డ్రైవరు మీరు తలదాచుకున్న వృద్ధాశ్రమానికి కూడా సరుకు వేస్తాడు. వంటశాల వెనక గుమ్మంలో నీ చేతికే ఇస్తానన్నాడు. చదివాక పొయ్యిలో పెట్టేయి.

నువ్వు అడిగినవి ముందు చెబుతాను. బావ దగ్గు తగ్గింది. మందుల వల్ల కాదు, ఆవిరి ఇస్త్రీ దగ్గర నిలబడడం మానేసి కౌంటర్లో కూర్చుంటున్నందుకు. నీ బూడిదరంగు కోటు నా దగ్గరే ఉంది. కాలరు మీది రక్తపు మరక చన్నీళ్లలో రెండు పూటలు నానబెడితే పోయింది. వేణ్ణీళ్లు తగిలి ఉంటే ఉండిపోయేది. పిచ్చుక చెవి మళ్లీ నొప్పి పెడుతోందని రాశావు. నీకు తోచింది పోయకు, డాక్టరుకి చూపించు. పిల్లని స్కూల్లో ఏ పేరుతో చేర్చమంటావని అడిగావు. ఇంకా చేర్చకు. ఎందుకో చివర్లో నీకే తెలుస్తుంది.

ఇక నువ్వు కింద రెండు గీతలు గీసి అడిగిన ప్రశ్న. ‘మేం ఆ హాస్టల్లో ఉన్నట్టు ఆయనకి ఎవరు చెప్పారక్కా? బావేనా?’ అని.

బావ కాదు. నువ్వు అనుమానించావని నాకు కోపం లేదు, నేనూ అదే చేశాను.

నువ్వు వెళ్లిపోయిన కొన్నాళ్లకి మీ ఆయన షాపుకి వచ్చాడు. పొద్దున్నే, నున్నగా గడ్డం గీసుకుని, చేతిలో రెండు చొక్కాలతో. నేను గొడవకి సిద్ధమై ఇస్త్రీ మరమీదనుంచి చెయ్యి తీయలేదు. ఆయన చొక్కాలు కౌంటరు మీద మడతపెట్టి పెట్టాడు.

“బాగున్నారా వదినా? వీటికి గంజి తక్కువ వేయించండి.”

“సాయంత్రం రండి” అన్నాను.

“ఆరేళ్లు నిండకపోతే బస్సులో సగం టికెట్టేనట కదా. పిచ్చుకకి ఇంకా నిండలేదుగా?”

నా వేలికి ఆవిరి తగిలి బొబ్బ లేచింది. ఆ సగం టికెట్టు సంగతి ముందురోజే నేను కంప్యూటర్లో చూశాను. నిన్ను చూడ్డానికి వద్దామని, తిరుగు ప్రయాణంలో పిల్లని నాలుగు రోజులు ఇక్కడికి తీసుకొద్దామని బస్సులు వెతుకుతూ చూశాను. ఆ సంగతి బావకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

“నాకేం తెలుసు” అన్నాను.

“మీకు తెలియనిదేముంది వదినా” అని నవ్వి వెళ్లిపోయాడు.

షట్టరు దించాక బావని నిలదీశాను. మీరిద్దరూ తోడల్లుళ్లు, కలిసి కూర్చుని కబుర్లు చెప్పుకున్నవాళ్లు, నోరు జారి ఉంటావు అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి “నామీదేనా?” అన్నాడు, అంతే. ఆ తర్వాత చాలా రోజులు మా మధ్య మూడే మాటలు: ఉప్పు, తాళాలు, ఎవరో వచ్చారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఇల్లు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు.

రెండోసారి ఆయన వచ్చినప్పుడు ఇంకో చొక్కా తెచ్చాడు. బొత్తాం చూపిస్తూ, గాలివానల గురించి మాట్లాడినంత తేలిగ్గా అన్నాడు: “ఆ హాస్టల్లో స్నానాల గదులు మురికట వదినా. అక్కడ ఉండి వెళ్లినవాళ్లు రాసిన మాటలు చదివాను. కిందనుంచి మూడోది మరీ ఘోరం. పిల్ల ఉన్నవాళ్లకి పనికొచ్చే చోటు కాదు.”

ఆ మాటలు ముందురోజు నేను ఒక్కదాన్నే కూర్చుని చదివాను. కిందనుంచి మూడోది రెండుసార్లు చదివాను. అప్పుడు బావ షాపులోనే లేడు, బట్టలకి రంగులద్దేవాళ్ల దగ్గరికి వెళ్లాడు. ఆ పేజీ చూసింది నేనూ, ఆ యంత్రమూ.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి, పక్క షాపు ఫోనులోంచి హాస్టల్ వార్డెనుకి చేశాను. ఆవిడ ఎక్కువ అడగలేదు. ఆ పూటే నిన్ను లేపి ఈ ఆశ్రమానికి చేర్చింది. మర్నాడు ఆయన పిచ్చుక కోసమని ఒక ఆటబొమ్మ పట్టుకుని హాస్టల్ గేటు దగ్గర నిలబడ్డాడని నీకు తెలిసిందే.

మా షాపుకి ఒక అమ్మాయి వస్తుంది, గళ్లకోటు అంటాం. ఉన్నది ఒక్కటే కోటు, దానికే నెలకోసారి కాఫీ మరక. ప్రకటనల కంపెనీలో పని. ఆ పిల్లని పట్టుకుని జరిగింది చెప్పాను. కౌంటరు లోపలికి వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. బ్రౌజర్లో పైన కుడిపక్క మూలన చిన్న పచ్చ చిలుక బొమ్మ ఉంది చూడు, నువ్వున్నప్పుడు కూడా ఉండేది. ‘ధరల చిలుక’. హ్యాంగర్లు ఎక్కడ చవకో చెబుతుందని నేనే తగిలించాను. దానిమీద వేలు పెట్టింది.

“ఇది ఉచితంగా ఎందుకిచ్చారనుకున్నారు ఆంటీ? మీరు ఏ పేజీ తెరిచినా దాని చిరునామా వాళ్లకి వెళ్తుంది. ఎప్పుడు తెరిచారు, ఎంతసేపు చూశారు, అన్నీ. మూటలు కట్టి అమ్ముతారు. మా కంపెనీ కూడా కొంటుంది.”

“మా పేరుతోనా?”

“పేర్లు తీసేస్తారండి. పేరుతో ఎవరికీ పని లేదు. మనిషికో నంబరు ఉంటుంది.”

“మరి నేనని ఎలా తెలిసింది?”

“ఈ షాపు బిల్లుల పేజీలోకి రోజూ వెళ్లేదెవరు?”

“నేను. నేను లేనప్పుడు మా ఆయన.”

“ప్రపంచం మొత్తంలో మీరిద్దరే కదా. ఆ పేజీ తెరిచే నంబరు ఏదో వెతుక్కుంటే చాలు. తర్వాత అది ఎటు వెళ్తే అటు చూస్తూ కూర్చోవడమే.”

మీ ఆయన ఉద్యోగం ఏమిటని పెళ్లిచూపుల్లో అడిగితే, ఎవరు ఏం కొనబోతున్నారో షాపులవాళ్లకి ముందే చెప్పడం అన్నారు. జ్యోతిషం ఆఫీసా అని మనం నవ్వాం. ఆ మూటలు ఆయన బల్లమీదికే వస్తాయి చెల్లీ. జీతం ఇచ్చి మరీ చూడమంటారు.

బావ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. “నేనెప్పుడూ రహస్యంగా తెరిచే ఆ నల్ల కిటికీలోనే చూస్తానమ్మా, అందులో ఏదీ మిగలదట కదా” అన్నాడు. గళ్లకోటు మొహమాటపడుతూ “అది మీ ఇంట్లోవాళ్లకి కనపడకుండా ఉండడానికండీ, ఈ చిలుకకి అందులోకి కూడా మీరే అనుమతి ఇచ్చారు” అంది. బావ చెవులు ఎర్రబడ్డాయి. బట్టతల మీద జుట్టు మొలిపించే నూనెల గురించి రెండేళ్లుగా ఆ కిటికీలో వెతుకుతున్నాడని అప్పుడు తెలిసింది. అన్ని రోజుల తర్వాత ఇద్దరం నవ్వాం. ఆ నవ్వులోనే క్షమించేశాడు.

గళ్లకోటు చిలుకని పీకేయబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

“ఉండనీ” అన్నాను.

నీ ఇప్పటి చోటు సంగతి అంతా నోటిమాట మీదే జరిగింది. ఆ ఊరి పేరు మా కంప్యూటర్లోకి ఎన్నడూ ఎక్కలేదు. ఆయన నా కళ్లతో చూస్తున్నాడు కాబట్టి, నేను ఎటు చూస్తే అటే వస్తాడు. నీకు పూర్తిగా వ్యతిరేక దిక్కున, సముద్రం పక్కనున్న ఒక ఊరిని ఎంచుకున్నాను. మనవాళ్లు ఎవరూ లేని ఊరు. రోజూ మధ్యాహ్నం పని తగ్గాక ఆ ఊరికి రైళ్లు చూసేదాన్ని. అక్కడి వానలు, చిన్నపిల్లల స్కూళ్లు, చెవి డాక్టర్లు. బావని కంప్యూటరు జోలికి నన్నడక్కుండా వెళ్లొద్దన్నాను. అద్దె గదుల్లో ఒకటి నాకు నచ్చింది. మేడ మీద ఒక గది, చిన్న వంటిల్లు, ఆడవాళ్లకి మాత్రమే. బయటినుంచి ఆకుపచ్చ రంగు వేసిన ఇనుప మెట్లు. ఆ ఫోటోలు పదేపదే తెరిచేదాన్ని. ఆయన కోసమే మొదలెట్టాను గానీ, కిటికీ పక్కన నీ మంచం, ఆ మూలన పిచ్చుక బొమ్మలు అని సర్దుకుంటూ కూర్చునేదాన్ని. నువ్వు నిజంగానే అక్కడ సుఖంగా ఉన్నావనిపించేది.

వారం గడవకుండానే ఆయన వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. “సముద్రపు గాలి పిల్లల చెవులకి మంచిది కాదు వదినా” అన్నాడు. నేను తల దించుకున్నాను. భయపడ్డాననుకున్నాడు. నవ్వు ఆపుకోవడానికి దించుకున్నాను. “నాలుగు రోజులు సెలవు పెట్టాను, కాస్త సముద్రం చూసొస్తాను” అని వెళ్లిపోయాడు.

చెల్లీ, ఇప్పటిదాకా రాసింది తేలిక. ఇకపైది రాయడానికి మూడుసార్లు కాగితం చింపాను.

ఆ గది ప్రకటన కింద ఫోను నంబరు ఉంది. ఆయన అటు వెళ్లాక గాని ఆ ఇంట్లో మనుషులుంటారన్న ఆలోచన నాకు రాలేదు. ఫోను ఎత్తాను. మళ్లీ పెట్టేశాను. ముందే హెచ్చరిస్తే వాళ్లు కంగారుపడి ఆయన ముఖం మీదే అనేస్తారు, ఎవరో ఫోను చేశారు మీ గురించి అని. నా ఎత్తు ఆయనకి తెలిసిపోతుంది. తిరిగొచ్చి నీ అసలు జాడ వెతుకుతాడు. ఒక పక్క నువ్వూ పిచ్చుకా, ఇంకో పక్క నేనెప్పుడూ చూడని మనుషులు. ఆలోచించాల్సినంత సేపు కూడా ఆలోచించలేదు. నోరు మూసుకుని చొక్కాలు ఇస్త్రీ చేసుకున్నాను.

రెండు రోజుల తర్వాత ఉండబట్టలేక చేశాను. ఇంటాయన ఎత్తాడు. గది ఖాళీగా ఉందా అని అడిగాను. “నెల కిందటే ఇచ్చేశామండి, ఆ ప్రకటన తీయడం మర్చిపోయాం” అన్నాడు. “మేడ మీది అమ్మాయి ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది. ఎవడో వచ్చి మెట్లమీంచి తోసేశాడు” అన్నాడు.

మొదటి రైలుకి వెళ్లాను. మంచాల వరసలో చివరిది ఆవిడది. నీ వయసే ఉంటుంది. బేకరీలో పిండి కలిపే పనట. కుడి చెయ్యి మోచేతి దగ్గర రెండు చోట్ల విరిగింది. భుజం నుంచి వేళ్ల దాకా కట్టు. మంచం కింద ఆవిడ కూతురు కూర్చుని చక్రాన్ని తిప్పుతోంది. ఆ పిల్ల గౌనులు మేడ మీద తాడుకి ఆరేసి ఉన్నాయట. మీ ఆయన వీధిలోంచి చూసింది అవే.

“ఆ మనిషి మా మరిది” అని చెప్పాను.

ఆవిడ పడుకునే తల నావైపు తిప్పింది. “తలుపు తీయగానే తోసుకుంటూ వచ్చాడు. ఏదో పేరు పెట్టి పిలిచాడు. నేను బయటికి పరిగెత్తితే జుట్టు పట్టుకున్నాడు. విదిలించుకుంటే తోశాడు. కింద పడ్డాక దిగొచ్చి ముఖం చూసి ‘మీరు కాదా’ అన్నాడు. ‘క్షమించండి’ అన్నాడు. చాలా మర్యాదగా. చొక్కా సర్దుకుని వెళ్లిపోయాడు.”

“అది నా చెల్లెలి పేరు.”

“మా ఇంటికే ఎందుకొచ్చాడు?”

చెప్పాను. చిలుక, బస్సు టికెట్టు, ఆకుపచ్చ మెట్లు, ఎత్తి పెట్టేసిన ఫోను, ఏదీ దాచలేదు.

“అంటే ఆయన్ని పంపింది మీరు” అంది చివరికి.

“అవును.”

“ఆ గదిలో ఎవరూ లేరనుకున్నారా?”

“ఖాళీ అని రాసి ఉంది.”

“ఖాళీ అని రాసి ఉంటేనే నేనూ చేరాను.”

నాకు దుఃఖం ఆగలేదు. ఆవిడ ముఖం పక్కకి తిప్పుకుంది. “ఏడవకండి. మీరు ఏడిస్తే నేను ఓదార్చాలి, నాకు ఓపిక లేదు. ఎవరో తెలియని మనిషి అని రాసుకుని పోలీసులు వెళ్లిపోయారు. ఆయన పేరు చెబుతారా, చెప్పరా?”

చెప్పాను చెల్లీ. చెబితే కేసవుతుందని, కేసయితే భార్య ఎక్కడని అడుగుతారని, నీ పేరు కాగితాల మీదికి ఎక్కుతుందని తెలిసే చెప్పాను. నిన్నడిగి చెప్పాల్సింది. ఆ కట్టు చూస్తూ, మా చెల్లెల్ని అడిగి చెబుతానండి అనడానికి నోరు రాలేదు. నువ్వెక్కడున్నావని పోలీసులు అడిగితే తెలియదన్నాను. వెళ్లేముందు ఆవిడకి తినడానికేమైనా తెస్తానంటే వద్దంది. పిల్ల మాత్రం నాకు చెయ్యి ఊపింది.

ఆయన్ని పట్టుకున్నారు. అది చెప్పి ఇక్కడితో ఉత్తరం ముగించగలిగితే ఎంత బాగుండేది. పూచీకత్తు మీద వదిలేశారు. ప్రతి సోమవారం ఆ సముద్రం ఊరి స్టేషనుకి వెళ్లి సంతకం పెట్టాలట.

నిన్న వచ్చాడు. పట్టపగలు, షాపులో బట్టలు తెచ్చినవాళ్లు ఇద్దరు ఉండగా. చిక్కిపోయాడు. చొక్కా మాత్రం నలగలేదు. బావ లేచి నిలబడ్డాడు. ఆయన బావకి నమస్కారం పెట్టాడు.

“మీ తెలివికి మెచ్చుకున్నాను వదినా” అన్నాడు. “నా ఉద్యోగం పోయింది. స్నేహితులు పోలేదు. కూర్చుని మీ పాత పేజీలన్నీ మళ్లీ తీయించి చూశాను. ఈసారి మీరు చూసినవి కాదు. చూడనివి.”

నేను చేతిలోని చొక్కా మడతపెట్టాను.

“ఆ మధ్య వంతెన కూలింది కదా. ఈ వీధిలో ఆ వార్త తెరవని ఇల్లు లేదు. మీ పక్క షాపువాళ్లయితే పూటపూటా చూశారు. అన్నయ్యగారి కోసమని మీ కంప్యూటర్లో రోజూ వార్తలు తెరిచే ఉంటాయి. దొంగతనాలు చూశారు, వానలు చూశారు, ఆటలు చూశారు. వంతెన మాత్రం వదిలేశారు. ఆ ఊరి పేరు వచ్చిన ప్రతిచోటా మీ కంప్యూటరు కళ్లు మూసుకుంది.” కాస్త ముందుకి వంగాడు. “ఎందుకంటారు వదినా?”

బావ “బయటికి నడు” అన్నాడు. ఆయన నడిచాడు. గుమ్మం దాటుతూ “పెద్ద ఊరేం కాదులెండి” అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు.

నీ ఊరి వంతెన కూలినప్పుడు మేమెలా ఉన్నామో నీకు తెలియదు. పక్క షాపు టీవీ ముందు నిలబడి, ఒడ్డున పరిగెత్తేవాళ్లలో నీ నడక, పిచ్చుక జడలు వెతుక్కున్నాం. వ్యాను డ్రైవరు వచ్చి మీరు క్షేమమని చెప్పేదాకా నాకు ముద్ద దిగలేదు. కంప్యూటరు మీద మాత్రం వేలు పెట్టలేదు, బావని పెట్టనివ్వలేదు. అది నా జాగ్రత్త అనుకున్నాను. అందరిలా నేనూ తెరిచి ఉంటే అందరిలో ఒకదాన్నయ్యేదాన్ని.

చిలుకని నిన్ననే పీకించాను. దానివల్ల ఇప్పుడు ఒరిగేదేమీ లేదు. పోయినవి పోయాయి, వెనక్కి రావు.

సోమవారం ఆయన ఆ స్టేషన్లో సంతకం పెట్టి తీరాలి, లేకపోతే లోపల వేస్తారు. ఆ రోజు ఆయన నీకు ఒక పగలు ప్రయాణమంత దూరంలో ఉంటాడు. ఆ రోజే పిల్లని తీసుకుని బయలుదేరు. వార్డెను నీతో ఉంటానంది. పాత మెయిల్లోంచి పిచ్చుక పసిపాపప్పటి ఫోటోలు తీసుకుంటానని రాశావు. వద్దమ్మా. ఆ మెయిల్ ఎక్కడ తెరిస్తే అక్కడ నువ్వున్నట్టు ఆయనకి తెలిసిపోతుంది. నా దగ్గర కాగితం మీద ఉన్నది ఒక్కటే ఫోటో, ఈ మడతలో పెట్టాను. ఊరికే చూసుకో. వెనక పేరు చెరిపేశాను.

ఎక్కడికి వెళ్తున్నావో నాకు చెప్పకు. డ్రైవరు చేత కబురు పంపకు. అడ్రసు లేకుండా కార్డు ముక్క కూడా వేయకు. నాకు తెలిస్తే ఆ ఊరి వైపు చూడకుండా ఉండలేను. చూడకుండా బిగబట్టుకుంటే అదీ ఆయనకి కనపడుతుంది. తెలియకపోతేనే నేను మామూలు మనిషిలా ఉండగలను. రేపటినుంచి అన్ని ఊళ్ల వార్తలూ చదువుతాను. ఎక్కడ వాన పడినా, ఎక్కడ ఏం కూలినా, అక్కడ నువ్వున్నావేమో అనుకుంటాను. అనుకుని, అందరూ ఎంతసేపు చూస్తారో అంతసేపే చూసి, తర్వాతి పేజీకి వెళ్లిపోతాను.

ఇట్లు,
జాడ అడగని
నీ అక్క